మూడో మెట్టు మీది గీత

కొత్తగూడెంలో నేను పనిచేసే ఫొటో స్టూడియోకు వచ్చేవాళ్లు తమ ముఖాలను తామే ఒప్పుకోరు. రంగు తేల్చమంటారు. బట్టతల కప్పమంటారు. ఎన్నడూ పలకరించని అన్న పోయాక, ఆయన భుజం మీద చెయ్యి వేసినట్టు ఫొటో చేయమంటారు. చేస్తాను. ఫ్లెక్సీల మీద నాయకుల పొట్టలు కూడా తగ్గిస్తాను. వాళ్లను తలెత్తి చూడను, కుర్చీకి వీపు ఆనించను. ఆనించి కూర్చునే అలవాటు మా ఇంట్లో లేదు.

స్టూడియో యజమానిని భాయ్ అంటాను. వాళ్ల తాతల నుంచీ ఫొటోలకు ఫ్రేములు కట్టిన కుటుంబం. నన్ను అతను దొరా అని పిలుస్తాడు. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని నేను అడగలేదు.

ఫ్లెక్సీల గిరాకీ లేని రోజుల్లో అతను హైదరాబాద్ నుంచి ఒక గేమ్ కంపెనీ పని పట్టుకొచ్చాడు. గోదావరి ఒడ్డున ఒక అడవి ఊరు. వరద వస్తుంది, ఆడేవాళ్లు ఎత్తు ప్రదేశం వెతుక్కుని ఎక్కాలి, చివరిదాకా మునగనివాడు గెలిచినట్టు. మ్యాపును కంప్యూటర్ చేతనే గీయించారు. దాన్ని కాస్త బాగుచేసి పంపాలి.

ఆ మ్యాపు చూస్తే నాకు నవ్వు కూడా రాలేదు. గోదావరి అట, పంట కాలువంత ఉంది. ఒడ్డు కత్తితో కోసినట్టుంది, ఇసుక తిప్ప ఒక్కటీ లేదు. ఏ దేశానిదో ఒకే చెట్టును అడవంతా అచ్చు గుద్దారు. ఒకే గడ్డి ఫొటోను పలకలు పలకలుగా అతికించారు, అతుకులన్నీ గీతలై కనబడుతున్నాయి. నదిని చూడకుండా నదిని గీసే మనుషులు, ఎండలో నడవకుండా అడవిని అమ్మే మనుషులు. అతుకులు చెరిపాను. తిప్పలు వేశాను. ఇప్పచెట్లు పెట్టాను, పోడు కొట్టిన చోట మాడిన మొద్దులు పెట్టాను. కంపెనీ తరఫున మాట్లాడే అమ్మాయి ఫోన్ చేసి, అద్భుతంగా ఉందని, నడిమి ఊరిని కూడా మీ ఇష్టం వచ్చినట్టు గీయండని చెప్పింది.

మా ఊరే గీశాను.

మా ఊరు చర్ల వైపు, గోదావరికి దగ్గర. అక్కడ మేము దొరలం. భూమి మా నాన్న కాలంలో పోయింది. ఎట్లా పోయిందో చెప్పను. ఇల్లు కూలింది, రాళ్లు ఎవరికి చేతనైనన్ని వాళ్లు మోసుకుపోయారు. మిట్ట మీద ఏడు రాతి మెట్లు మిగిలాయి. వాటితోపాటు ఒక మాట మిగిలింది. గోదారి మన మెట్లెక్కదు. మూడో మెట్టు మీద ఉలితో కొట్టిన ఒక గీత ఉంటుంది. పెద్ద వరద అక్కడిదాకా వచ్చి దండం పెట్టి వెనక్కి పోయిందని, ఊరంతా మన వాకిట్లో తలదాచుకుందని, మన గుండిగల్లో వండి పెట్టామని నాన్న చెప్పేవాడు. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని ఆ గీతలో పెట్టించాడు. కిరాయి గదుల్లో బతుకుతూ, నాకంటే తక్కువవాళ్ల ముఖాలకు రంగు పూస్తూ ఇన్నేళ్లు నిటారుగా ఉన్నానంటే ఆ గీత బలంతోనే.

గేముల్లో ఎత్తుపల్లాలకు వేరే బొమ్మ ఉంటుంది. రంగులుండవు. తెలుపు ఎత్తు, నలుపు లోతు, నడుమ ఉన్నదంతా బూడిద. గేము ఆ బొమ్మను చదివి గుట్టలు లేపుతుంది, నీళ్లు నింపుతుంది. అందులో మా మిట్టను అన్నిటికంటే తెల్లగా వేశాను. దాని వెనక ఉండే కోయగుంపును, కోయల చిన్న పల్లెను, ముదురు బూడిదలో ముంచాను. గుంపు మాకు దిగువన అని విన్నాను మరి. ఎవరినీ అడగాల్సిన పని ఉందనుకోలేదు.

వారానికి ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది.

"సార్, అందరూ ఆ మెట్లింటికే ఉరుకుతున్నరు. అక్కడికి ముందు పోయినోడే గెలుస్తుండు. జర తగ్గించండి సార్."

తగ్గించడానికి అది కూరగాయల ధర కాదని చెప్పాను. ఉన్నదే గీశానన్నాను. ఆమె వాదించలేదు. ఉపగ్రహం నుంచి తీసిన ఎత్తుల బొమ్మ ఒకటి పంపింది. మా ఊరిది. దాన్ని నా బొమ్మ మీద లేయర్‌గా పరిచాను. గుంపు తెల్లగా ఉంది. మా మిట్ట బూడిదలో ఉంది.

వెనక నిలబడి చాయ్ తాగుతున్న భాయ్ తొంగి చూశాడు.

"దొరా, మీ ఇల్లు మునిగిందే."

ఉపగ్రహానికి నేల కనబడదని, చెట్ల తలలనే నేల అనుకుంటుందని, గుంపు చుట్టూ ఇప్పచెట్లు ఉన్నాయని అతనికి వివరించాను. ఆ బొమ్మలో మా మిట్ట మొత్తం రెండు చుక్కలు. రెండు చుక్కలు చూసి మా ఇంటి ఎత్తు తేల్చే యంత్రం మీద ఉమ్మడం కూడా దండగ అన్నాను.

"అయితే కొలువు. నా ఇల్లు కట్టిన మేస్త్రీ నీళ్ల పైపు నా తాననే ఉంది. నేనొక కొస పట్టుకుంట."

ఆదివారం అతని బండి మీద పోయాం. దారిలో పోలీసులు ఆపి సంచి విప్పించారు. పైపు దేనికని ఒక కానిస్టేబుల్ అడిగాడు. దొర ఇల్లు కొలవనీకి అని భాయ్ చెప్పాడు.

"ఏ దొర?" అన్నాడు కానిస్టేబుల్.

నేను దూరంగా చూస్తూ నిలబడ్డాను. వాడికి జవాబు చెప్పే అవసరం నాకు కనబడలేదు.

నీళ్ల పైపు మేస్త్రీల పనిముట్టు. రెండు కొసలు ఎంత దూరం లాగినా లోపలి నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఒక కొస మూడో మెట్టు గీత దగ్గర పెట్టాం. అక్కడి నుంచి కర్రలు పాతుకుంటూ, వాటి మీద గుర్తులు పెట్టుకుంటూ గుంపు దాకా పోయాం. గుంపులో మొదటి ఇంటి వాకిలి మా గీత కంటే నిలబడ్డ మనిషెత్తు పైన ఉంది. అంటే మా ఏడో మెట్టు కంటే కూడా పైనే. పైపులో గాలి బుడగ ఉండి ఉంటుందన్నాను. నీళ్లు ఒంపి, మళ్లీ నింపి, మళ్లీ కొలిచాం. అంతే వచ్చింది. రెండోసారి భాయ్ ఒక్క జోకు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. అతని జాలి నాకు అవసరం లేదు.

ఆ వాకిట్లో ఒక ముసలామె ఇప్పపూలు ఎండబోస్తోంది. మమ్మల్ని రెండుసార్లూ చూసింది. ఏం కొలుస్తున్నారని అడిగింది. మిట్ట మీది ఇల్లు మా తాతది అని చెప్పాను. వరద ఆ గీత దాకానే వచ్చింది కదా అని కూడా అన్నాను. ఆమె చేతిలోని పూలు చాటలో వేసింది.

"గీత దాకా కాదు బాబూ. మీ ఇంట్ల మోకాళ్ల మీదికి వచ్చినై నీళ్లు. మీ తాత, మీ నాయనమ్మ ఈడికే ఎక్కి వచ్చిర్రు. ఐదు దినాలు ఈ అరుగు మీదనే ఉండిరి. మా అత్త జావ పోసింది."

గీత సంగతి ఏమిటని అడిగాను.

"నీళ్లు తగ్గినంక రాళ్లు కొట్టే ఒడ్డెరోళ్లను పిలిపించి కొట్టించిండు. ఎవరికీ చెప్పొద్దన్నడు మమ్మల్ని."

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా అన్నాను. ఆమెకు నా ప్రశ్న వింతగా తోచినట్టుంది.

"ఎవరడిగిర్రు?"

లోపలికి పోయి రెండు గిన్నెల్లో జావ తెచ్చింది. భాయ్ అరుగు మీద కూర్చుని తాగాడు. నేను నిలబడి తాగుదామనుకున్నాను. తరువాత కూర్చున్నాను. వీపు మాత్రం గోడకు ఆనించలేదు.

సోమవారం మిట్టను దించాను. తెలుపు మీద బూడిద కొద్దికొద్దిగా పూస్తూ, కొలత కుదిరేదాకా. గుంపును కూడా కొలత ప్రకారమే లేపాను. బొమ్మలు దిద్దే పని మా వంశంలో నాతో మొదలైందనుకుని ఇన్నాళ్లు సిగ్గుపడ్డాను. తాత నాకంటే ముందే మొదలుపెట్టాడు. ఆయన కనీసం రాయి మీద చేశాడు, కూలి ఇచ్చి చేయించాడు. వచ్చినవాళ్ల ముఖాల్లో నేను చీదరించుకున్నదంతా మా మెట్టు మీదే ఉంది. నాన్నకు ఈ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. నా వేలు గీతలో పెట్టించినప్పుడు ఆయన నా ముఖం చూశాడా, మెట్టును చూశాడా అని గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు.

ఫైలు పంపాక గేమ్ ఆడి చూశాను. నీళ్లు మూడో మెట్టెక్కాయి. ఏడో మెట్టెక్కాయి. ఆగలేదు.

మూడు రోజులకు అమ్మాయి ఫోన్. ఇప్పుడందరూ ఆ గుంపుకే ఉరుకుతున్నారట. రెండూ సమం చేయమంది. మెత్తని బ్రష్షుతో ఒక్క నిమిషం పని అని నాకు పని నేర్పబోయింది. గుంపు తగ్గదని చెప్పాను.

"గేమే కదా సార్. ఎవరడుగుతరు?"

"నేను అడిగి వచ్చానమ్మా. తగ్గదు."

ఆ తరువాత ఆ కంపెనీ నుంచి మాకు పని రాలేదు. ఇంకెవరి చేతనో ఆ ఒక్క నిమిషం పని చేయించుకుని ఉంటారు.