ఒక ఇంటికి ఒకే ఓపీ నంబరు

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది వేసవిలో నన్ను మార్కాపురం వైపు ఒక ప్రభుత్వాసుపత్రికి సీనియర్ రేడియోగ్రాఫర్‌గా వేశారు. ఎక్స్‌రేలు తీయడం నా పని. నేను చేరిన నెలకే ఫిల్ములు ఆపేశారు. ఇకపై ఎక్స్‌రే అయినా, కడుపు స్కానింగ్ అయినా బొమ్మ నేరుగా ఆసుపత్రి కంప్యూటర్లోకి వెళ్ళి రోగి ఓపీ నంబరు కింద చేరుతుంది. ఒంగోలులో డాక్టరు ఆ నంబరు కొడితే చాలు, అన్నీ కనబడతాయి. ఎక్స్‌రే, స్కానింగ్ రెండు గదులకూ నంబర్లు కొట్టే బాధ్యత నాదే. శిక్షణ ఒక పూట ఇచ్చారు, అందులో సగం టీకి పోయింది.

త్రిపురాంతకం మండలం నుంచి ఏసోబు అనే కూలీని మోసుకొచ్చారు. అరవై ఎనిమిదేళ్ళు. కందికట్టె బండి మీద నుంచి పడి తుంటి విరిగింది. ఆ వయసులో తుంటి విరిగి రోజుల తరబడి పడుకుంటే వీపు పుండ్లు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. త్వరగా ఆపరేషన్ కావాలి. ఎక్స్‌రే తీసి, ఉచిత ఆపరేషన్లకు అనుమతిచ్చే డెస్కుకు అదే పూట పంపాను.

మర్నాడు అనుమతి రాలేదు, మెమో వచ్చింది. ఆరో నెల గర్భిణికి తుంటి ఎక్స్‌రే ఎందుకు తీశారో సంజాయిషీ ఇవ్వవలెను, సదరు గర్భిణి పురుషుడిగా నమోదై ఉండుట గురించి కూడా వివరించవలెను అని. సూపరింటెండెంట్ గారు దాన్ని రెండుసార్లు చదివి, "ఏందయ్యా, ఈ పెద్దాయనకు ఎన్నో కాన్పు?" అని అడిగారు.

నంబరు తెరిచి చూశాను. ఏసోబు పేరు కింద ఆయన తుంటితోపాటు భార్య మోకాళ్ళు, కొడుకు ఛాతీ, కోడలు రూతమ్మ స్కానింగ్ ఉన్నాయి. ఇల్లంతా ఒకే ఓపీ చీటీతో తిరిగింది. కొడుకును పిలిచి కేకలేశాను. అతను అమాయకంగా, "మీరే గదా సారూ చెప్పినారు, ఇంట్లో చీటీ ఉంటే మళ్ళా లైను ఎందుకని?" అన్నాడు. నిజమే. ఫిల్ము మీద చేత్తో పేరు రాసే రోజుల్లో అందరికీ అట్లాగే చెప్పేవాణ్ణి. ఆ నోటి అలవాటు పోలేదు.

సరిచేసే పద్ధతి ఉంది. ఒక్కొక్కరికీ వేరే నంబరు తీసి, ఏ బొమ్మ ఎవరిదో సూపరింటెండెంట్ సంతకంతో రాసిస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ళు మారుస్తారు. ఏసోబు ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ఓపీ నంబరు రేషన్ కార్డు లాంటిది. "నేను బతికుండంగనే నా ఇంటిని ముక్కలు చేస్తారా? వేరు నంబరంటే వేరు కాపురమే. నాకు ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు" అని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఎవరి మీద మండాలి?

రూతమ్మ మంచం పక్కన కూర్చుంది. "మామా, నేను యాడికి పోతా? ఈ నంబరు నాకు గాదు, కడుపులో ఉన్నదానికి. అది పుట్టినాక దానికంటూ ఒకటి ఉండొద్దా?"

ముసలాయన మొహం ఇటు తిప్పి, "బిడ్డకైతే తీసుకో" అన్నాడు. వెంటనే ఆయన భార్య, "నాకూ ఒకటి తీయండి సారూ. ఇన్నేండ్లు ఈయన నంబరుతో బతికింది చాలు" అంది. ఏసోబు నవ్వబోయి, తుంటి కలుక్కుమని అబ్బా అన్నాడు. ఆ అబ్బానే ఒప్పుకోలు కింద లెక్క అనుకుని నేను కొత్త నంబర్ల కోసం ఓపీ కౌంటరుకు పరుగెత్తాను.

బొమ్మలు ఎవరివి వాళ్ళ నంబరు కిందికి మారి, ఆయన వచ్చిన నాలుగో రోజు అనుమతి వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. నెలన్నర తర్వాత చెకప్ ఎక్స్‌రేకి వాకర్ పట్టుకుని వచ్చినప్పుడు, తెలిసిన మనిషే అయినా పేరు, వయసు ఆయన నోటితోనే చెప్పమన్నాను. చెప్పి, అడక్కుండానే, "కడుపుతో లేను, అదీ రాసుకో నాయనా" అన్నాడు.

సంజాయిషీలో తప్పు కంప్యూటరుదని రాయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నాదని రాశాను. నేను కొట్టిన నంబరును కంప్యూటరు నమ్మింది, నేను చెప్పిన మాటను ఆ కుటుంబం నమ్మింది. ఇద్దరిలో ఒక్కరూ నన్ను మళ్ళీ అడగలేదు. ప్రతిసారీ పేరు అడగాల్సింది నేనే.