అంటించమన్న పేజీలు

సాయంత్రం ఇంటి పనులు అయ్యాక బల్ల మీద పాత దుప్పటి మడతేసి పరిచి, దాని మీద స్కూలు లైబ్రరీ పుస్తకాల సంచి బోర్లించడం సూదమ్మకు ఏళ్ల తరబడి అలవాటు. అట్టలు ఊడినవి ఒక పక్కకు, కుట్లు తెగినవి ఒక పక్కకు నెట్టుకుని సూదిలో దారం ఎక్కించేది. ఎదురుగా ఆమె భర్త కూర్చునేవాడు. ఆయన అదే స్కూల్లో లైబ్రరీ అటెండరు. చేతికందిన పుస్తకం తీసి పైకి చదివేవాడు. రాజులొస్తే గొంతు బొంగురు చేసేవాడు, దొంగలొస్తే గుసగుసలాడేవాడు. ఆమె సూది ఆపి, "ఆగండి, వీడెవడు మధ్యలో?" అనేది. "విను ముందు. కథ వాడి చేతిలోనే ఉంది" అనేవాడు ఆయన. అలా ఆగుతూ సాగుతూ సంచి ఖాళీ అయ్యేసరికి వారం పట్టేది.

ఇప్పుడు రెండు మూడు రోజులకే అయిపోతోంది. చదివేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. పని త్వరగా తెమలడమే ఆమెకు పెద్ద విసుగై కూర్చుంది.

సూదమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పెళ్లయిన కొత్తలో ఆయన ముద్దుకు అన్నది స్కూలంతా పాకింది. నాలుగో తరగతి మధ్యలోనే ఆమెను బడి మాన్పించారు. కూడబలుక్కుని చదవగలదు గానీ, పేజీ చివరికొచ్చేసరికి మొదట ఏం చదివిందో మళ్లీ వెతుక్కోవాలి. అందుకే ఆవిడ పుస్తకాలన్నీ చెవులతోనే చదివింది.

వాళ్లిద్దరికీ ఒక పట్టుదల ఉండేది. పేజీలు పోయాయని ఏ పుస్తకాన్నీ చెత్తబుట్టలో వెయ్యకూడదు. ఆయన అదే పుస్తకం ఇంకో ప్రతి ముందు పెట్టుకుని, పోయిన పేజీలను గుండ్రటి అక్షరాలతో తెల్లకాగితం మీదికి దించేవాడు. ఆవిడ వాటిని అచ్చు పేజీల మధ్య ఇరికించి కుట్టేది. పిల్లలు వాటిని తాతయ్య పేజీలనేవారు.

పోయిన వానాకాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. "ఏముందే, పుస్తకాల దుమ్ము" అన్నాడు. ఆవిడ నమ్మింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని చదవమని రోజూ సాధించింది. చలి తగ్గేసరికి మనిషి లేడు. అది దుమ్ము కాదన్న సంగతి ఆస్పత్రి మంచం పక్కన, ఆయనకు మాట పడిపోయాక తెలిసింది. ఆయనకు మాత్రం ముందే తెలుసునని డాక్టరు మాటల్లో బయటపడింది.

ఆయన పోయాక సంచిని లైబ్రరీ మేడమే స్వయంగా తెచ్చి ఇస్తోంది. సోమవారం గుమ్మంలో ఆ సంచి కనిపిస్తే, ఆయనింకా డ్యూటీలోనే ఉన్నట్టు సూదమ్మకు ఒక ఊరట. ఆ ముక్క ఎవరితోనూ అనలేదు.

ఒక వారం మేడం రాలేకపోయింది. సూదమ్మే సంచి మోసుకుని స్కూలుకు వెళ్లింది. లైబ్రరీ గది నిండా తల్లిదండ్రులు. "కూర్చోండి సూదమ్మగారూ, మీటింగు అయ్యాక చూస్తాను" అంది మేడం. వెనక బల్ల మీద కూర్చుంది. ముందు టేబుల్ మీద బూడిదరంగు అట్ట నవల ఉంది. దాన్ని స్కూల్లో ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఆనాటి పేచీ.

సూదమ్మకు ఆ కథ తెలుసు. చుట్టూ ఎత్తు గోడ ఉన్న ఒక ఊరు. అక్కడ ఎవరికి జబ్బు చేసినా తెల్లవ్యాను వచ్చి తీసుకుపోతుంది. ఇంట్లోవాళ్లు, మనిషి ఊరెళ్లాడని చెప్పాలి. చావన్న మాట నోటివెంట రాకూడదు. ఒక పదిహేనేళ్ల పిల్ల జబ్బుపడ్డ తండ్రిని అటక మీద దాచి, వీధిలో బూట్ల చప్పుడైనప్పుడల్లా ఆయన దగ్గు వినపడకుండా గిన్నెలు కొడుతూ ఉంటుంది. భర్త తను జబ్బుపడ్డ రోజుల్లోనే ఆమెకు చదివి వినిపించిన కథ.

ఎదురు వాటాలో ఉండే మందుల షాపాయన భార్య లేచి నిలబడింది. "నేను గొడవకి రాలేదండీ. మా వాడు ఎనిమిదో క్లాసు. ఇది చదివినప్పటి నుంచి నేను దగ్గితే చాలు, మంచం దిగొచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడు. నాకొచ్చింది జలుబండీ."

కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"భయపెట్టేవన్నీ తీసేస్తే చరిత్ర పుస్తకం కూడా తీసెయ్యాలమ్మా" అన్నాడు భాష చెప్పే మాస్టారు.

"చరిత్రలో పోయినవాళ్లు మా వాడికి చుట్టాలు కాదు కదండీ. ఈ పుస్తకంలో తండ్రిని చూస్తే వాడికి మేమే కనిపిస్తున్నాం."

సూదమ్మ నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. కానీ ఆ పిల్లాడు తనకు రోజూ కనిపిస్తాడు. ఉండబట్టలేక లేచి అంది. "అంత బెంగెందుకమ్మా? చివరికి నాన్నకు నయమైపోతుందిగా. పిల్ల ఆయన్ని గోడ దాటిస్తుంది. అవతల జొన్నచేలో కూర్చుని ఇద్దరూ పచ్చి కంకులు తింటారు. ఆ ముక్క వాడికి చెప్పు."

మందుల షాపాయన భార్య వెనక్కి తిరిగింది. "పిన్నీ, మీరు ఏ పుస్తకం సంగతి చెప్తున్నారు?"

"ఇదే. బూడిదరంగుది."

మాస్టారు గొంతు తగ్గించి, "నాన్న చనిపోతాడమ్మా చివర్లో. గొడవంతా ఆ పేజీల గురించే" అన్నాడు.

సూదమ్మ కూర్చుంది. ఆ తర్వాత ఎవరేమన్నారో సగమే చెవిన పడింది. చివరికి హెడ్మాస్టరు ఇద్దరికీ నొప్పి కలగకుండా తేల్చాడు. పుస్తకం ఉంటుంది, ఆ పేజీలు మాత్రం ఒకదానికొకటి అంటించెయ్యాలి.

"మందు సీసా ఇచ్చి మూతకు సీలు వేసినట్టుంది" అన్నాడు మాస్టారు.

"చించమనలేదు కదండీ, సర్దుకోండి" అన్నాడు హెడ్మాస్టరు. మేడం సూదమ్మ వైపు చూసి చూపు దించుకుంది. జిగురు పని ఎవరికి వెళ్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

సంచి నిండా బూడిదరంగు ప్రతులతో ఇంటికొచ్చింది. ఆయన తప్పు చెప్పి ఉండడు, వీళ్లే వేరే పుస్తకంతో కలిపేసుకుని ఉంటారని దారంతా సర్దిచెప్పుకుంది. బల్ల దగ్గర ఒక్కో ప్రతి తెరుస్తుంటే, బాగా నలిగిన ఒకదాంట్లో చివరి పేజీలు అచ్చువి కావు. ఆయన చేతివి. కుట్టు తనదే. దారం రంగు కూడా గుర్తొచ్చింది. అది కుట్టేటప్పుడు ఆవిడ అడిగింది కూడా, "ఇందులో ఏముంది?" అని. "పిల్ల గోడ దూకే భాగం" అన్నాడు ఆయన, దగ్గు అణుచుకుంటూ.

రోజుకు కొంచెం చొప్పున, మధ్యాహ్నాలు కిటికీ పక్కన కూర్చుని చదివింది. గోడ దూకడం లేదు. జొన్నచేను లేదు. పిల్ల గిన్నెలు కొట్టడం మానేసి తండ్రి పక్కన కూర్చుంటుంది. "భయంగా ఉందా నాన్నా?" అని అడుగుతుంది. "ఉందమ్మా" అంటాడు. ఏ తాళానికి ఏ చెవో చెప్తాడు. తన చిన్నతనంలో తప్పిపోయిన మేకపిల్ల సంగతి చెప్తాడు. చెప్తూ చెప్తూ ఆగిపోతాడు. తెల్లవారి పిల్ల కిటికీ తలుపులు తీసి, వీధిలోకి వినపడేలా, "మా నాన్న చనిపోయాడు" అంటుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు. అక్కడితో పుస్తకం అయిపోయింది.

అక్షరాలు ఎక్కడా వంకర పోలేదు. అంతా ఒకే పొందిక. ఇదంతా తన చేత్తో రాసుకున్నవాడు, పుస్తకం వైపే చూస్తూ, కళ్లు వరస వెంట వరస కదుపుతూ, నోటితో జొన్నచేను చెప్పాడు. పచ్చి కంకులు ఎక్కడి నుంచి పుట్టించాడో. సూదమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కాస్త దూరం వెళ్లి ఆగిపోయింది. తర్వాత చాలాసేపు ఏమీ చెయ్యబుద్ధి కాలేదు. అన్నం వండుకోలేదు. కోప్పడదామంటే, కోప్పడాల్సిన మనిషి ఎదురుగా లేడు.

ఆ పుస్తకంలో పిల్లకు పక్కన కూర్చుని భయంగా ఉందా అని అడిగే వీలు దొరికింది. తనకు దొరికింది ముక్కుకు గుడ్డ కట్టుకోమని పోరడం.

రెండ్రోజులకు మందుల షాపాయన భార్య గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, బల్ల మీది పుస్తకాలు చూసింది. "అయిందా పిన్నీ అంటించడం?"

"లేదమ్మా. ఆయన నాకు ఈ పేజీలు చదవకుండా దాటేశాడు. నేను బెంగపడతానని."

"మంచిపనే చేశారు. నేను మా వాడికి చేసేదీ అదే."

"ప్రేమతోనే చేశాడు. కాదనను. కానీ ఆయన పోతాడని నాకొక్కదానికే తెలీదు. ఇంట్లో ఇద్దరమే మనుషులం, అందులో ఒకరికి తెలీదు."

ఆవిడ గిన్నె మూత అటూ ఇటూ తిప్పింది. "మీరు పెద్దవాళ్లు పిన్నీ. వాడు పిల్లాడు. నిద్రపోవట్లేదు."

"అదీ నిజమే" అంది సూదమ్మ. నిజంగానే అలా అనిపించింది. పదమూడేళ్ల పిల్లలకు ఆ పుస్తకం ఇవ్వొచ్చో లేదో తనకు తెలియదు. పెద్ద చదువులు చదివినవాళ్లు తేల్చుకోవాలి. "మరి వాడు వచ్చి వేలు పెట్టి చూస్తే నువ్వేమంటావు?"

"పోయి పడుకోరా అంటాను. ఇంకేమంటాను?"

సూదమ్మ గిన్నె అందుకుంది. ఆవిడ వెళ్లిపోయింది.

సోమవారం మేడం వచ్చింది. బల్ల మీద ప్రతులన్నీ పేర్చి ఉన్నాయి. వదులైన కుట్లన్నీ బిగించి ఉన్నాయి. నలిగిన అట్టలకు కొత్త గుడ్డ వేసి ఉంది. మేడం ఒకటి తీసి చివర్న తెరిచింది. పేజీలు విడివిడిగా తిరిగాయి.

"ఒంట్లో బాగోలేదా సూదమ్మగారూ?"

ఊఁ అంటే సరిపోయేది. వారం గడువు దొరికేది. సూదమ్మకు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"బాగానే ఉన్నానమ్మా. కుట్టాల్సినవి కుట్టాను. అంటించను."

మేడం కుర్చీలో కూలబడింది. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. "నాకూ ఇష్టం లేదండీ. కానీ పని చేయకపోతే సంచి వేరేవాళ్లకి ఇవ్వమంటారు. అట్టలు వేసే షాపువాడు ఎప్పటి నుంచో అడుగుతున్నాడు."

"తెలుసు."

"మళ్లీ మీకు ఇప్పించలేను నేను."

"నిన్నేమీ అనను తల్లీ. మంచినీళ్లు తాగుతావా?"

మేడం నీళ్లు తాగింది. చేతిలో ఉన్న కొత్త సంచిని కింద పెట్టనూ లేదు, ఇవ్వనూ లేదు. లేచేటప్పుడు దాన్ని మళ్లీ భుజానికే తగిలించుకుంది. "ఇవి మాత్రం ఇంకో వారం మీ దగ్గరే ఉంచుతాను. ఆలోచించుకోండి" అని బూడిదరంగు దొంతరను బల్ల మీదే వదిలి మెట్లు దిగిపోయింది.

సూదమ్మ తలుపు దగ్గరికి వేసింది. జిగురుకని జల్లించి పెట్టిన మైదా గిన్నెలో పొడిగానే ఉంది, కుంచె పక్కనే ఉంది. నీళ్లు పొయ్యి మీద పెడితే కాసేపట్లో అయ్యే పని. ఆవిడ దుప్పటి మడత సరిచేసి, పుస్తకాలను అలాగే ఉండనిచ్చి, ఇంకా వెలుతురుండగానే వెళ్లి నడుం వాల్చింది.