ఎడపల్లి అక్క విన్న రేడియో

పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసే నాకు, ఇళ్లలోంచే ఊరూరి మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు వచ్చి చాలా ఏళ్లయింది. చిన్న చిన్న కొత్త సెట్లు రెండున్నాయి గానీ, గాజు వాల్వులతో నడిచే పాత రిసీవరు ఒకటి ఇంట్లో ఉండాలని ఎప్పటినుంచో కోరిక. ఎడపల్లిలో ఒకటుందని, దాని యజమాని చనిపోయి రెండేళ్లయిందని తెలిసి ఒక ఆదివారం నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాను.

ఆయన నిజాంసాగర్ కాలువల మీద ఉద్యోగం చేసిన మనిషి. భార్య ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. వెనక గదిలో టేబుల్ మీద పాత లుంగీ కప్పి ఉంది రిసీవరు. అంత బరువును ఒక్కడినే కదపలేకపోయాను. పక్కన హెడ్‌ఫోన్లు ఉన్నాయి, స్పీకరు లేదు.

"కొంటనంటే ఇస్త తమ్మీ. గని ఒక్కపాలి నడిపి నాకు ఇనిపియ్యాలె" అంది.

"నువ్వెన్నడు ఇనలేదా అక్కా?"

"యాడ? డ్యూటీకెల్లి రాంగనే చెవులకు గవి తగిలించుకుంటుండె. పిలిస్తే పలుకకపోతుండె. గండ్ల ఏమొస్తదో ఆయనకే ఎరుక."

సరేనన్నాను. రెండేళ్లు వాడకుండా పెట్టిన సెట్టుకు నేరుగా కరెంటిస్తే లోపలి కండెన్సర్లు పేలిపోవచ్చు. అందుకని మధ్యలో వంద వాట్ల బల్బు ఒకటి కలిపాను. లోపల ఏదైనా చెడిపోయి ఉంటే భారం బల్బు మీద పడుతుంది, సెట్టు బతుకుతుంది. స్విచ్చి వేశాను. బల్బు భగ్గున వెలిగి, ఎంతకీ తగ్గలేదు. ప్లగ్గు పీకేశాను.

"ఖరాబైందా?" అంది ఆమె గుమ్మంలోంచి.

"కండెన్సరు పోయిందక్కా. మళ్ల ఐతారం కొత్తవి తెచ్చి ఏస్త."

మరుసటి ఆదివారం కొత్త కండెన్సర్లతో పాటు మా ఇంటి స్పీకరు కూడా తీసుకెళ్లాను. వాల్వులు ఒక్కొక్కటే మెల్లగా కదిలిస్తూ బయటికి లాగి, ఏది ఏ గుంటలోదో కాగితం మీద రాసుకున్నాను. వాటి కాళ్లకు పట్టిన చిలుము గీకాను. గాజు మీది అంకెల జోలికి మాత్రం పోలేదు, అవి చెరిగితే ఏ వాల్వో చెప్పడం కష్టం. ట్రాన్స్‌ఫార్మరు వెనక బల్లిగుడ్ల పెంకులు దొరికాయి. కండెన్సర్లు మార్చాక మిద్దె పిట్టగోడ నుంచి పెరట్లోని జామచెట్టు దాకా రాగితీగ కట్టి ఏరియల్ చేశాను. ఎర్త్ తీగను బోరింగు పైపుకు బిగించాను.

నాలుగు దాటాక మళ్లీ స్విచ్చి వేశాను. ఈసారి బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారింది. వాల్వుల్లో ఎర్రటి వెలుగు నిలబడింది. కాసేపటికి స్పీకరులో బరబర మొదలై, తర్వాత బాతులు అరిచినట్టు ఒక గొంతు. చిన్న నాబు మెల్లగా తిప్పితే ఆ బాతు మనిషి అయింది. మరాఠీలో మాట్లాడుతున్నాడు.

అక్క కుట్టుమిషను ఆపి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దులో ఉందట. నాకు అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క తెలిస్తే, ఆమెకు అంతా అర్థమైంది.

"కోతులు తీగ తెంపినయట. మోకాళ్లు నొస్తున్నయట. డాక్టరు నడువుమన్నడట" అని చెప్పుకుంటూ పోయి, సట్టున ఆగింది. "గింతేనా?"

"గింతే అక్కా. ఎక్కువ గిసొంటి ముచ్చట్లే ఉంటయి."

"మరి మా ఆయన ఏం చెప్తుండె ఈళ్లకు?"

"ఏం చెప్పకపోతుండె. ఇది ఇనే మిషనే, మాట్లాడేది వేరే ఉంటది. ఆయన ఇనుడే."

"పరాయోని మోకాళ్ల నొప్పులు గిన్నేండ్లు ఇన్నడు. నా మోకాళ్ల సంగతి ఒక్కనాడన్న ఇనకపాయె" అంది. కోపమో ఏమో అనుకునేలోపే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాబు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంకొకరిని పట్టమంది. పట్టాను. ఆ తర్వాత తానే తిప్పుతానంది. చీకటి పడబోతుండగా లేచాను.

"తమ్మీ, ఏమనుకోకు. దీన్ని ఇయ్య బుద్ధయితలేదు."

నిరాశ కలిగిన మాట నిజం. కానీ సెట్టును అక్కడినుంచి తీసుకుపోవాలని కూడా అనిపించలేదు. స్పీకరు అక్కడే వదిలి, చెప్పాల్సినవి చెప్పాను. వారానికొకసారన్నా అరగంట నడపాలి, లేకపోతే వానాకాలం చెమ్మ పడుతుంది. నడిచేటప్పుడు పైన గుడ్డ ఉండకూడదు. ఉరిమితే ఏరియల్ తీగ పీకేయాలి. కుట్టుమిషను మోటారు తిరిగితే రేడియోలో గోల వస్తుంది.

"గట్లయితే మిషను బంద్ వెట్టే ఇంట" అంది.

అప్పటినుంచి నెలకో రెండు నెలలకో వెళ్లి చూసి వస్తున్నాను. ఒకసారి బలహీనపడిన వాల్వు మార్చాను. ఇంకోసారి గాలికి తెగిన తీగ మళ్లీ కట్టాను. పోయిన నెల వెళ్తే చేయడానికి ఏ పనీ లేదు. వాల్వుల మీద దుమ్ము కూడా ఆమే తుడిచి పెట్టింది, అంకెలు చెరగకుండా. జొన్నరొట్టె తిని బస్సెక్కాను.