మామ తన మీద వేసుకున్న తప్పు

మా మేనమామ పోయిన కబురు సోమవారం పొద్దున సూరత్ పక్కన జోల్వాలో మరమగ్గాల మధ్య నిలబడి విన్నాను. "మామ లేడురా" అని అత్త ఫోన్‌లో అన్నది. ఆ మోతలో ఆమెతో రెండుసార్లు చెప్పించాను.

జగిత్యాల వైపు పల్లె నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి, తాపీ నది ఒడ్డున పడవలు కట్టే షెడ్డులో వెల్డర్‌గా కుదురుకున్న మనిషి ఆయన. ఇంట్లో గిన్నెలు తెచ్చి నీళ్ల తొట్టిలో వదిలి, వేలితో ఊపి చూపించేవాడు. "వెడల్పు అడుగు పడవ, నీళ్లు ఊరికున్నంత సేపు బుద్ధిమంతురాలే అల్లుడా. అలొస్తే కసిరి కొడ్తది. గుండ్రంది జర మెల్లగ ఒరిగి, మెల్లగ లేస్తది" అనేవాడు. లోపల అత్త పప్పు గిన్నె కోసం వెతుక్కునేది.

మగ్గాల పనిలో ఉన్న నన్నూ ఆ షెడ్డులో చేర్చాడు. అన్నీ తెలిసినట్టు తలూపేవాణ్ని. వెడల్పు అడుగు పడవ ఒకదాన్ని అలల్లో పరీక్షించే రోజు, ఎవరికీ చెప్పకుండా దాని అడుగున ఇసుక బస్తాలు పేర్చాను. మగ్గం అదిరితే కింద బరువు పెట్టడం మాకు అలవాటు. మగ్గం తెలివి నీళ్లలో చెల్లదని నాకేం తెలుసు! అడుగు బరువెక్కిన పడవ, ఒరిగిన ప్రతిసారీ ఇంకా కసిగా విదిలించుకుని లేచింది. అందులో ఉన్న మామ ఎగిరి ఇనుప కమ్మీ మీద పడ్డాడు. కుడి భుజం విరిగింది.

బస్తాలు ఎవడు పెట్టాడని షెడ్డు యజమాని సేఠ్ హిందీలో గదిమాడు. నేను నోరు తెరిచేలోపే మామ "మైనే రఖా" అన్నాడు, తనే పెట్టానని.

ఆయన పని పోయింది. సిగ్గుతో నేనూ వారానికే మగ్గాల దగ్గరికి తిరిగొచ్చాను. ఆయన కుడిచెయ్యి ఇక నోటిదాకా లేవలేదు. ఎడమచేత్తో తినేవాడు. ఒకనాడు పళ్లెం ముందు క్షమించమని అడగబోతే, "గదంతా ఎందుకురా, తిను" అన్నాడు. తిన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఈ రోజు మామ దినానికి వచ్చిన మీ అందరి ముందూ చెబుతున్నాను, ఆ బస్తాలు పెట్టింది నేనే.

మొన్న అస్థికలు కలిపాక, తాపీ మెట్ల మీద అత్తకూ చెప్పేశాను. ఆమె మొహం పాలిపోయింది.

"తెలివి లేని పని జేసి చెయ్యి పోగొట్టుకున్నవని ఇన్నేండ్లు ఆయన్నే తిట్టిన గదరా! ఒక్కనాడన్న నేను గాదు అన్లేదు."

"నన్ను తిట్టు అత్తా" అన్నాను.

తిట్టలేదు. తడి కొంగు పిండుకుంటూ నది వైపు తిరిగి, మామతో ఏదో చెప్పుకుంటున్నట్టు పెదవులు కదుపుతూ నిలబడింది. అస్థికలు కలిసిన చోట నీళ్లు కాసేపు తెల్లగా ఉండి, తర్వాత మామూలు రంగులోకి వచ్చాయి.