మస్తాన్ భాయ్ తాడు

పక్క ఫ్లాట్ వాళ్ళు దేశం వెళ్ళిపోతున్నారు. పొద్దున్నుంచీ గోడ అవతల టేపు చర్రుచర్రుమని మోగుతోంది. తలుపు తీస్తే కారిడార్ నిండా కొత్త అట్టపెట్టెల వాసన, సబ్బుల వాసన, ఎక్కడో మూత సరిగా బిగించని తలనొప్పి మందు ఘాటు. షార్జాలో ఇన్నేళ్ళు కాపురం చేశాక ఎవరో వెళ్తున్నారని ముక్కే చెప్పేస్తుంది. పక్కింటాయన పెట్టె మీద మోకాలు ఆనించి నైలాన్ తాడు లాగుతున్నారు. తాడు అట్ట అంచును కరిచి కిర్రుమంది. ఆ చప్పుడు చెవిన పడగానే చెప్పుల స్టాండు పక్కనే కూర్చుండిపోయాను. నాకు అది మస్తాన్ భాయ్ చప్పుడు. ఆయన పోయి ఐదేళ్ళయింది.

పెళ్ళయిన ఏడాది నేను దుబాయ్ వచ్చాను. మా ఆయనకి అకౌంట్స్ ఉద్యోగం. నేను హైదరాబాద్‌లో ఇంటీరియర్ డ్రాయింగులు గీసిన దాన్ని కాబట్టి అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపులో పని దొరికింది. ఎగ్జిబిషన్లకు స్టాళ్ళు, నాటకాలకు సెట్లు, మ్యూజియాలకు కావలసిన చెక్కపని చేసే చోటు అది. పైన ఏసీ గదిలో మేం గీస్తే, కింద రేకుల షెడ్డులో వాళ్ళు చేస్తారు. కింద వడ్రంగులందరికీ పెద్ద మస్తాన్ భాయ్. నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర పల్లె ఆయనది. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడుకి దారం కట్టి మెడలో వేసుకునే మనిషి. నోరు మాత్రం మంచిది కాదు. పని నచ్చకపోతే ఎంతటివాడినైనా కడిగిపారేసేవారు, ఆ తర్వాత అతన్నే పిలిచి తన గ్లాసులో సగం చాయ్ పోసేవారు.

వచ్చిన కొత్తలో నాకు ఊరు మీద బెంగ. కాకినాడలో ఉన్న మా అమ్మతో ఫోన్ మాట్లాడిన ప్రతిసారీ ఏడుపొచ్చేది. ఆఫీసులో ఏడిస్తే నామోషీ అని, కిందికి వెళ్ళి ప్లైవుడ్ షీట్ల వెనక నిలబడి ఏడ్చేదాన్ని. ఒకరోజు ఆయన కంట పడ్డాను.

"ఏం కాకినాడమ్మా, కంట్లో దుమ్ము పడిందా?" అన్నారు.

తలూపాను.

"పడతాదిలే. ఈడికొచ్చిన కొత్తలో అందరి కళ్ళల్లో ఆ దుమ్మే పడతాది. ఇట్టా రా, ఈ టేపు కొస పట్టుకో."

కొలతల టేపు కొస నా చేతికిచ్చి, రెండో కొసతో షెడ్డు ఆ చివరికి నడిచారు. ఆయన కొలవాల్సింది ఏమీ లేదని నాకు చాలా రోజులకి గాని తెలియలేదు. ఆ తర్వాత భోజనం డబ్బా పట్టుకుని నేను కిందికే వెళ్ళడం మొదలుపెట్టాను. పైన వాళ్ళు ముక్కు విరిచారు. విరిస్తే విరిచారు, నాకు ఆ షెడ్డులోనే అన్నం సహించేది.

అల్ ఖూజ్‌లో పనివాళ్ళంతా ఉండే క్యాంపులో మస్తాన్ భాయ్‌కి పేరు తెచ్చింది వడ్రంగం కాదు, తాడు. ఊరికి వెళ్ళేవాళ్ళు శుక్రవారం పూట ఆయన్ని బతిమాలి తీసుకెళ్ళి పెట్టె కట్టించుకునేవారు. ఆయన కట్టిన పెట్టె విమానంలో ఎన్ని పల్టీలు కొట్టినా ముడి సడలదని నమ్మకం. వాళ్ళందరికీ నైలాన్ తాడు. తన పెట్టెకి మాత్రం ఒక తెల్లటి నూలు తాడు ఉండేది. మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు కొన్నదట. వాడగా వాడగా మెత్తబడి పాత పంచెలా అయిపోయింది. ప్రతి సెలవుకీ ఆ తాడు పెట్టెతో ఊరికి వెళ్ళేది, మళ్ళీ ఆయనతోనే తిరిగొచ్చేది.

"ఇంటికి పోంగానే పిల్లలు కత్తి పట్టుకొస్తారు. మా జైతున్ ఒప్పుకోదు. తాడు కోయొద్దే, నేను మళ్ళా పోవాల కదా అని చెప్పుండా. అది గోళ్ళు నొప్పి పుట్టేదాకా కూర్చోని ముడి విప్పతాది. చుట్ట చుట్టి తలుపెనక మేకుకి తగిలిస్తాది. నేను ఈడికి వచ్చేరోజు తీసిస్తాది," అని నవ్వేవారు.

జైతున్ బీ ఆయన భార్య. ఆవిడ గురించి చెప్పేటప్పుడు ఆయనకి గొప్పలు పోవడం అలవాటు. ప్రతి సెలవుకీ ఆవిడకి చెప్పులు కొనేవారు. సైజు కనుక్కున్నారా అని అడిగితే కోపం వచ్చేది. "వడ్రంగోడి కన్నమ్మా ఇది. చూస్తే చాలు, కొలిచినట్టే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సరిపోలా అని అనలేదది."

2014లో ఒక మ్యూజియం ఎగ్జిబిషన్ పని మాకు వచ్చింది. నూరేళ్ళ పైమాట, యూరప్ పల్లెల్లోంచి పేదవాళ్ళు పొగ ఓడలెక్కి అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికా పోయేవారట. ఆ ఓడలో అడుగు అంతస్తు ఎలా ఉండేదో అలాగే కట్టివ్వాలి. జనం లోపలికి నడిచి చూస్తారు. ఆ ప్రయాణాల గురించి చదువుకున్న ఒక మేడమ్ లండన్ నుంచి వచ్చి మా షెడ్డులోనే మకాం పెట్టింది. మంచి మనిషి. చేతులు మురికయితే లెక్కచేసేది కాదు. ఆవిడ ఇంగ్లీషును నేను తెలుగు చేసి కింద చెప్పేదాన్ని.

మంచం మీద మంచం, మధ్యలో మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టని సందు, నెత్తిన లాంతరు. మొదటి వరస బిగించాక పెయింటర్ నర్సయ్య వెనక్కి నిలబడి చూశాడు. అతనిది జగిత్యాల.

"మన క్యాంపు లెక్కనే ఉన్నది గద సాబ్. గీళ్ళు గూడ దుబాయ్ పోతున్నరా?"

"అవునబ్బా, ఆళ్ళ దుబాయ్ అమెరికా," అన్నారు మస్తాన్ భాయ్.

మంచాల పక్కన పెట్టడానికి చెక్కపెట్టెలు చేశారు. వాటి మీద రాయడానికి మేడమ్ కొన్ని పేర్లు, ఊళ్ళు ఇచ్చింది. నర్సయ్య ఒక పూటలో రాసేశాడు. మర్నాడు చూస్తే ప్రతి పెట్టెకీ ఆరు వైపులా, అడుగున కూడా పేరుంది. పేరు కింద "వయా బొంబాయి" అనుంది. దాని కింద ఒక మొబైల్ నంబర్.

"ఈ నంబర్ ఎవరిది నర్సయ్యా?" అన్నాను.

"నాదే మేడమ్. పెట్టె తప్పిపోతే ఎవలకన్న ఫోన్ జెయ్యాలె గద? గాళ్ళకు ఫోన్లు లేవంటిరి. అందుకే నాది ఏసిన."

నేను లండన్ మేడమ్‌కి ఎలా చెప్పాలా అని నీళ్ళు నమిలాను. చెప్పాక ఆవిడ అక్కడే ఒక పెట్టె మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఫోన్ నంబరు, బొంబాయి తీసేయమంది గాని పేర్లు ఉండనివ్వమంది. ఆ కాలం వాళ్ళు కూడా పెట్టె మీద పేరు అంత పెద్దగానే రాసుకునేవారట. మస్తాన్ భాయ్ ఎందుకో తిట్టలేదు. గరుకు కాగితం తీసుకుని నర్సయ్య పక్కన తనూ కూర్చుని నంబర్లు చెరిపారు.

ఆ మధ్యాహ్నం మేడమ్ మాతోనే భోంచేసింది. మస్తాన్ భాయ్ నావైపు చూసి, "దోవలో ఎవరన్నా చచ్చిపోతే ఏం చేసేవాళ్ళంట, అడుగమ్మా," అన్నారు.

అడిగాను. గుడ్డలో చుట్టి, ప్రార్థన చేసి, సముద్రంలోకి దించేసేవారని చెప్పింది.

"మరి పెట్టె?" అన్నారాయన.

పెట్టె ఓడతో పాటు అవతలి ఒడ్డుకి చేరేదని, తర్వాత దాని సంగతి అన్నిసార్లూ తెలియదని చెప్పింది. ఆయన డబ్బా మూత పెట్టేశారు. సగం అన్నం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం కంపెనీ బస్సు కోసం నిలబడ్డప్పుడు తనంతట తనే చెప్పారు. "మా క్యాంపులో ఎవరన్నా పోతే పెట్టె తేలిగ్గా పోనీయమమ్మా. రూములో వాళ్ళమంతా పోయి ఆ మనిషి ఇంటికి ఏం కొంటాడో అవన్నీ కొంటాం. పాలపొడి, సబ్బులు, దుప్పటి, పిల్లలకి బొమ్మలు. నింపి కట్టి పంపుతాం. మేము కొన్నామని ఇంట్లో చెప్పం. ఆయనే కొన్నాడనుకోవాల వాళ్ళు."

"అది అబద్ధం కదా భాయ్?"

"అబద్ధమే. ఆయన బతికుంటే కొనేవాడా, లేదా? ఆయన పని మేము చేస్తుండాం, అంతే."

మర్నాటి నుంచి ఆ ఓడ పెట్టెలు నింపడం మొదలుపెట్టారు. రంపపు పొట్టు మూటలు, పాత గుడ్డలు, చెక్క ముక్కలు. వాటిని ఎవరూ తెరవరు, ఖాళీగా ఉన్నా పర్వాలేదని మేడమ్ అన్నదే చెప్పాను. "తెరవరని చెప్పి ఖాళీవి పంపుతామా? తాడు బిగిస్తే తెలిసిపోతాది," అన్నారు. మేడమ్ భుజాలెగరేసి తనూ ఒక మూట పట్టుకుంది.

ఆ ఓడే తన ఆఖరి పని అని ఆయన అందరికీ చెప్పారు. వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోవాలని అప్పటికే అడిగి ఉన్నారు. ఓపెనింగ్ దాకా ఉండమని ముదీర్, అంటే మా మేనేజరు, అన్నాడు. ఉండమనకపోయినా ఆయన ఉండేవారే. జనం ఆ మంచాల మధ్య నడుస్తుంటే చూసి వెళ్ళాలని కోరిక. కాని ఊరి మాట వస్తే మొహం చిన్నపిల్లాడిలా అయిపోయేది. పెళ్ళాంతో కలిసి ఉన్న రోజులన్నీ కుప్ప పోసినా చెప్పుకోదగినంత లేవని ఆయనే అనేవారు. ఇక మిగిలిన రోజులన్నీ ఇంట్లోనే. అంతకంటే ఆయన అడిగింది లేదు.

"సామాన్లు కొన్నారా భాయ్?" అని అడిగాను.

"యాడమ్మా, ఆఖరి శుక్రవారం కొంటాలే. తాడు మాత్రం తీసి పెట్టుండా. ఈసారి జైతున్‌కి ఫోన్లో చెప్పేసినా. కత్తి నూరి పెట్టు, నేను రాంగానే కోసెయ్, మళ్ళా పోయేది లేదు, ఖలాస్ అని."

ఓపెనింగ్ ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున కంపెనీ బస్సు వచ్చి ఆగింది. అందరూ దిగారు. నర్సయ్య ఆఖరున దిగి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సాబ్ పొద్దుగాల లేవలే మేడమ్. లేపితె లేవలే."

గుండె ఆగిపోయిందట. నిద్రలోనే. నేను షెడ్డులోకి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో తెలియదు, అక్కడ ఆయన లేరు. ఓడ మంచాల మధ్య ఆ సందులో నిలబడి గట్టిగా ఏడ్చాను. ఈసారి దుమ్మని చెప్పుకోవడానికి కూడా లేదు.

కాగితాలు అయ్యాక శవాన్ని చెన్నైకి పంపారు. సెలవు రావలసి ఉన్న నర్సయ్య తోడు వెళ్ళి, అక్కణ్ణుంచి పల్లె దాకా దింపి వస్తానన్నాడు. ఆ లోపల రూములో వాళ్ళు పెట్టె తీశారు. అందులో తాడు తప్ప ఏమీ లేదు. పాలపొడి ఒకరు తెచ్చారు, దుప్పటి ఒకరు, మనవరాలికి గౌను ఒకరు. ఆడవాళ్ళవి నువ్వు తే అమ్మా అన్నారు నన్ను. సత్వా బజారుకి వెళ్ళి ఒక చీర, అత్తరు సీసా కొన్నాను. చెప్పుల షాపులో కాసేపు బిక్కమొహం వేసుకుని నిలబడి, చివరికి నా కాలికి తొడిగి చూసి, సరిపోయిన జత తీసుకున్నాను. నర్సయ్య పెట్టెకి ఆరు వైపులా మస్తాన్ భాయ్ పేరు రాశాడు. ఆ పాత నూలు తాడుతోనే కట్టాం. బాగా కట్టలేకపోయాం. ముడి ఎంత లాగినా ఆయన లాగినట్టు కిర్రుమనలేదు.

కొన్ని నెలల తర్వాత జైతున్ బీ ఫోన్ చేసింది. నర్సయ్య దగ్గర నా నంబర్ తీసుకుందట. కుశలం అడిగింది. అందరూ బాగుండాలంది. ఆ తర్వాత, "చెప్పులు సరిపోయినయమ్మా," అంది.

"మస్తాన్ భాయ్ కొన్నారు కదండీ, సరిపోకుండా ఎలా ఉంటాయి?" అన్నాను. అలాగే అనాలని కదా ఆయన నేర్పింది.

"ఆయన ఒక్కసారి కూడా సరిపోయేవి తేలేదు తల్లీ. అన్నీ పెద్దవే. ముందర గుడ్డ కుక్కుకొని వేసుకునేదాన్ని. ఆయన అంత మురుసుకుంటా తెచ్చేది, నేనెట్టా చెప్పేది?"

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. ఆవిడే అంది. "మీరంతా కొన్నారని తెలుసు. దువా చేస్తుండా మీకు. కాని నిజం చెప్పు, దాంట్లో ఆయన చేత్తో పెట్టింది ఏది? అది ఇడిగా పెట్టుకుంటా."

ఉన్నదొకటే. "తాడండీ," అన్నాను. "తాడొక్కటే ఆయనది."

"కోయలేదమ్మా," అంది. "ఈసారి కోసెయ్ అన్నాడు. కత్తి కూడా నూరి పెట్టినా. ఆయనొచ్చి పక్కన నిలబడితే కోసేదాన్ని. ఎప్పటిమాదిరే ముడి విప్పి, చుట్ట చుట్టి, తలుపెనక మేకుకే తగిలించినా."

ఆ తర్వాత ఇద్దరం ఫోన్ పట్టుకుని ఏడ్చాం. ముఖం ఎరగని మనుషులం.

ఎగ్జిబిషన్ బాగా జరిగిందని అందరూ అన్నారు. నేను లోపలికి వెళ్ళలేకపోయాను. ఆ వర్క్‌షాపు మానేసి వేరే చోట చేరాను. దేశం వెళ్ళేవాళ్ళెవరైనా పెట్టె కడుతుంటే మాత్రం చూసి ఊరుకోలేను. ఈరోజూ అంతే. స్టాండు పట్టుకుని లేచి, పక్కింట్లోకి వెళ్ళి, పెట్టె ఒక పక్క ఎత్తి చూశాను. బరువుగానే ఉంది. అప్పుడు తాడు రెండో కొస పట్టుకుని లాగాను. ఇంటికి చేరాక కోయొద్దని, కూర్చుని విప్పమని పక్కింటాయనకి చెప్పబోయాను. కాని వాళ్ళు కూడా వీసా క్యాన్సిల్ చేసుకునే వెళ్తున్నారు, ఇద్దరూ కలిసి.

"ఇంటికెళ్ళగానే కోసేయండి," అన్నాను.