అడక్కుండా విప్పిన లాప్‌టాప్

పోయిన మంగళవారం పొద్దున మా చిన్నాయన పోయాడు. కింది వాటాలోంచి చిన్నమ్మ కేక విని నేను మెట్లు దిగేలోపే అంతా అయిపోయింది. అప్పటినుంచి యలహంకలోని మా ఇంటికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: ఎంత మంచి మనిషి, అడక్కుండానే సాయం చేసేవాడు! ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది. అడక్కుండా చేయడమే ఆయనతో వచ్చిన చిక్కు. నాలుగు మంచి మాటలు రాయమని చిన్నమ్మ అంది కాబట్టి రాస్తున్నాను. మంచివే వస్తాయని మాటివ్వలేదు.

చిన్నాయన ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత చేతికందిన ప్రతి వస్తువునూ విప్పాడు. చిన్నమ్మ మిక్సీ, ఎదురింటివాళ్ళ ఇన్వర్టర్, శుభ్రంగా నడుస్తున్న గోడ గడియారం.

"నడిచేదాన్ని గూడా ఒకసారి విప్పి చూడాలప్పా, లోపల ఏం కత ఉండాదో" అనేవాడు. వద్దంటే "సుమ్నే ఉండు, నీకేం తెలుసు?" అని కసిరేవాడు. బిగించాక ఎప్పుడూ ఒక స్క్రూ మిగిలేది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, అసలది అక్కర్లేనిదేనని వాదించేవాడు.

నేను పెళ్ళి వీడియోలు తీసి, ఎడిట్ చేసి బతుకుతాను. నా లాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది, ఒక్క వీడియో తయారు చేయడానికి పూటంతా తీసుకునేది. కొత్తది కొంటానన్నాను.

"కొత్తదేమిటికి పాపా? బాడీ బాగుండాది, స్క్రీన్ బాగుండాది. లోపలి బోర్డు మారిస్తే చాలు, పరిగెత్తుతాది."

దీంట్లో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుందట, దాన్నొక్కదాన్నే మార్చలేం. అదే మోడల్‌లో పై రకం ప్రాసెసర్ ఉన్న మదర్‌బోర్డు దొరికితే, మొత్తం అదే బిగించాలి. నా లాప్‌టాప్ ముట్టుకోవద్దని చెప్పాను. అర్థం కాలేదనే సాకు మిగలకూడదని కన్నడంలో కూడా చెప్పాను.

అత్తిబెలెలో ఒక షూటింగుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి చిన్నాయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఆన్ చేయి పాపా" అన్నాడు, మొహం వెలిగిపోతూ.

ఆన్ చేశాను. తెరంతా నీలంగా మారి పొడుగాటి నంబరొకటి అడిగింది. డిస్కుకు తాళం ఉందని, దాని చెవి పాత బోర్డులోనే ఉందని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ బోర్డే దానంతటదే తాళం తీస్తూ వచ్చింది. ఆ నంబరు నాకు తెలియదు, నాకమ్మిన మనిషికీ తెలియదు. లోపల, అంతకుముందు నేను తీసిన దేవనహళ్ళి పెళ్ళి మొత్తం ఉంది. కెమెరా కార్డులేమో చెరిపేసి అత్తిబెలెకు పట్టుకుపోయాను. అంటే ఆ పెళ్ళి ఇంకెక్కడా లేదు.

"పాత బోర్డేది?"

"మార్పిడి కింద అంగడికి ఇచ్చేసినా."

నేను అరిచాను. ఆయన నాకంటే గట్టిగా అరిచాడు. "నీకు మంచి చేస్తే నామీదికొస్తావా? తాళమెవరేసుకోమన్నారు నిన్ను?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఎస్పీ రోడ్డులో ఆ అంగడివాళ్ళతో మూడు భాషల్లో పోట్లాడి, పనికిరాని సామాను గంపలోంచి నా బోర్డును ఏరుకుని సాయంత్రానికి తెచ్చాడు. పాతది బిగించి, డిస్కుకు ఆ తాళమే లేకుండా తీసేసి, పెళ్ళిని బయటికి కాపీ చేసుకున్నాం. మళ్ళీ కొత్త బోర్డు బిగించాడు. దేవనహళ్ళి పెళ్ళికూతురికి ఈ సంగతి ఈనాటికీ తెలియదు.

అప్పుడు ఆయన ఒక మాట అనాల్సింది. నిన్ను అడగాల్సింది పాపా అని. నేను ఎదురుచూశాను.

"చూసినావా, ఎంత స్పీడుగుండాదో!" అన్నాడు.

స్పీడుగానే ఉంది, కాదనను. పూటంతా పట్టే పని అన్నం తినొచ్చేలోపు అయిపోతోంది. ఆ స్పీడు మీదే నా ఇల్లు గడిచింది, దానికి ఆయనకు రుణపడే ఉన్నాను. కానీ ఆ మాట ఆయన అనలేదు, నేను మరిచిపోలేదు. ఆ తర్వాత ఆయనతో ఊఁ అంటే ఊఁ, అంతే.

కొత్త ప్రాసెసర్‌కు వేడెక్కువ, ఫ్యానేమో పాతదే. ఆయన మంచం పట్టాక పై వాటాలో ఆ ఫ్యాన్ హోరు కిందికి వినబడేదట. చూడ్డానికి వెళ్తే నెమ్మదిగా అన్నాడు: "దాంట్లో దుమ్ము చేరుకోనుంటాది పాపా. విప్పనా?"

జన్మలో మొదటిసారి అడిగాడు. అన్నేళ్ళకు చేతికొచ్చిన అవకాశాన్ని నేనెందుకు వదులుకుంటాను?

"వద్దు" అన్నాను.

"సరేప్పా" అని గోడవైపు తిరిగాడు. నాకేం బాధ లేదు. ఆ వద్దు అనే హక్కు నాదే.

నిన్న చిన్నమ్మ ఆయన స్క్రూడ్రైవర్ల డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళింది. ఆవిడా అడగలేదు. ఈ పొద్దున ఫ్యాన్ గోల భరించలేక లాప్‌టాప్ ఆపి బోర్లించాను. అడుగున ఒక మూల స్క్రూ లేదు, చిల్లు ఖాళీగా ఉంది. పక్క స్క్రూ మీద స్క్రూడ్రైవర్ ఆనించి, "విప్పనా చిన్నాయనా?" అన్నాను.

అడగడమంటే ఎట్లా ఉంటుందో ఆయనకు చూపించాలనే అడిగాను. వద్దనలేదు, సరేననలేదు. స్క్రూడ్రైవర్ తిప్పకుండా అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.