బాపు పోటీ నుంచి తప్పుకున్న వారం

మా చిన్నప్పుడు... మెట్‌పల్లి బస్సులో వారానికోసారి మా ఊరికి ఒకే ఒక్క పేపర్ వచ్చేది. పటేలు దగ్గర లెక్కలు రాసే నర్సయ్య హోటల్ అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు... చదువురాని ఊరంతా చెవులప్పగించి వినేది. అచ్చులో పడితే చాలు, దేవుడు దిగొచ్చి కాదన్నా నమ్మరు మావాళ్లు!

మా బాపు, అదే మా నాన్న, మగ్గం నేసేవాడు. మా సాలెవాడకు మంచినీళ్ల బావి లేదు. ఆడవాళ్లు పటేలు బావి దగ్గర బిందెలు పెట్టుకుని, పటేలమ్మ తిట్లన్నీ తిన్నాకే నీళ్లు తోడుకోవాలి. పంచాయతీ ఎన్నికలొస్తే, బావి తవ్విస్తానని బాపు వార్డు మెంబరుగా నిలబడ్డాడు. ఎదురు పటేలు కొడుకు. వాడకట్టంతా బాపు వైపే...

సరిగ్గా ఓట్ల ముందర పేపరొచ్చింది. నర్సయ్య గొంతు సవరించుకుని చదివాడు... బాపు పోటీ నుంచి తప్పుకుని పటేలు కొడుక్కు మద్దతిచ్చాడట! ఆ వార్త రాసినాయన అంతకుముందే పటేలింట్లో కోడికూర తిని పోయాడు మరి.

బాపు అక్కడే ఉన్నాడు. "గది అబద్ధం! నేనెన్నడు తప్పుకున్న? గీడనే నిలవడ్డ గదా!" అని అరిచాడు.

సొంత తమ్ముడు, మా చిన్నాయన, తల గోక్కున్నాడు. "ఏమో అన్నా... ఊకెనే అచ్చేస్తరా? నువ్వే ఎవలకన్న మాటిచ్చినవేమో..."

అందరూ నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బాపు గడప గడపా తిరిగి ఒట్లు పెట్టుకున్నాడు. "పైసలు ముట్టినయో ఏమో, ఇప్పుడు నాటకాలాడుతుండు" అన్నారు వెనక.

చిత్తుగా ఓడిపోయాడు. ఇంటికొచ్చి రుమాలు తీసి, "ఇంట్లోళ్లన్న ఏసిండ్రు, సాలు తియ్" అన్నాడు.

పొయ్యి దగ్గర అవ్వ, అంటే మా అమ్మ, తల ఎత్తలేదు. "తప్పుకున్నోనికి ఏస్తే ఓటు కరాబైతదన్నరు... గందుకే అటే గుద్దిన" అంది.

బాపు రుమాలు మళ్లీ చుట్టుకుని బయటికి పోయాడు.

కొన్నాళ్లకు హోటల్లో కట్టిన మిర్చీ పొట్లం విప్పితే, ఆ పేపర్ ముక్కలో ఓ మూల చిన్న అక్షరాలు... ఆ వార్త పొరపాటు, చింతిస్తున్నామని. నర్సయ్య అది ఎవరికీ చదివి వినిపించలేదు. అప్పటికి నేను బడికి పోయేదాన్ని కదా, పరుగున పోయి బాపుకు చదివాను. "నువ్వు సదివితే ఎవలు నమ్ముతరు బిడ్డా" అన్నాడు.

పంచాయతీ పైసలతో బావి పడింది... పటేలు పెరట్లో!

ఆ తర్వాత అవ్వ ఏదడిగినా బాపు జవాబు ఒకటే. "ఆకలైతుందా?" అంటే "పేపర్ల సూస్కో". "జరమా?" అంటే "పేపర్ల సూస్కో". పోయేదాకా అంతే... అవ్వ మీద అంత కసి.

ఇప్పుడు పేపర్ కోసం బస్సు దాకా పోనక్కర్లేదు, అందరి జేబులో ఫోనే. మొన్న మా ఊళ్లో గొడవలని ఏదో వచ్చిందట. "నేను పొద్దున్నే ఆడికెళ్లి వచ్చిన, ఏం లేదురా" అంటే, నా కొడుకు ఫోన్లోంచి తల ఎత్తకుండా, "నీకు తెల్వదమ్మా" అన్నాడు...

మీ ఇంట్లో కూడా ఇలా ఎవరి మాటైనా చెల్లకుండా పోయిందా? రాయండి... నేనైతే మీ మాటే నమ్ముతా.